అప్‌డేటు తరువాత తెరుచుకోని ఫోల్డరు

పది కంప్యూటర్లున్న గదిలో ప్రతి ఫైలుకూ పది నకళ్ళు ఉంచడం వృథాప్రయాస. ఒక నకలులో మార్పు చేస్తే తక్కిన తొమ్మిదింటిలోనూ అదే మార్పు చేయాలి. కొన్నాళ్ళకు వాటిలో సరియైనది ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుచేత ఫైళ్ళను ఒక యంత్రంలో ఉంచి, మిగిలిన యంత్రాలు అవసరం వచ్చినప్పుడు దానిని అడిగి తెచ్చుకునే పద్ధతి అమలులోకి వచ్చింది. దీనినే ఫైల్ షేరింగ్ అని వ్యవహరిస్తున్నారు. పాఠశాలలోని కంప్యూటరు గది మొదలుకొని పెద్ద వైద్యశాల వరకు ఎన్నో సంస్థల దైనందిన వ్యవహారం ఈనాడు దీని మీదనే నడుస్తున్నది.

ఈ ఏర్పాటు ఏళ్ళ తరబడి ఏ చిక్కూ లేకుండా పనిచేస్తుంది. ఒకనాడు యంత్రంలోని విండోస్‌కు అప్‌డేటు వస్తుంది. మర్నాడు మార్కుల పట్టిక ఉన్న ఫోల్డరు తెరుచుకోదు. దారి దొరకలేదనో, అనుమతి లేదనో తెర మీద ఒక వాక్యం కనిపిస్తుంది. తీగను ఎవరూ కదల్చలేదు, పాస్‌వర్డును ఎవరూ మార్చలేదు. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "అప్‌డేటు చెడగొట్టింది."

ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని చాలా సందర్భాలలో అప్‌డేటు ఏ భాగాన్నీ చెడగొట్టదు. రెండు యంత్రాల మధ్య ఇంతకాలం చెల్లుతూ వచ్చిన ఒక షరతును అది మారుస్తుంది. ఒక పక్షానికి కొత్త షరతు వచ్చింది. రెండవ పక్షం పాత షరతు మీదనే ఉండిపోయింది. మారిన షరతు ఏదో కనిపెట్టడం మరమ్మతులో సగం. ఆ షరతు ఎందుకు మారిందో తెలుసుకోవడం రెండవ సగం. ఈ రెండవ సగాన్ని విడిచిపెట్టినవారు, ఫోల్డరును తెరిచే తొందరలో, దొంగలకు కూడా తలుపు తెరిచిపెట్టే ప్రమాదం ఉన్నది.

ఏడు మెట్లు

ఒక రైతు తన భూమి దస్తావేజు నకలు కోసం పట్టణంలోని కార్యాలయానికి వెళ్ళాడనుకోండి. మొదట ఆ ఊరికి దారి ఉండాలి. కార్యాలయం పేరు చెబితే అది ఎక్కడ ఉన్నదో చూపేవారు ఉండాలి. వాకిలి దగ్గర కావలివాడు లోపలికి పోనివ్వాలి. గుమాస్తాకూ రైతుకూ తెలిసిన భాష ఒకటి ఉండాలి. తాను ఫలానా అని రైతు రుజువు చూపాలి. దరఖాస్తు మీద సంతకం చేయాలి. చివరకు ఆ దస్తావేజును చూసే హక్కు అతనికి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా రైతు ఉత్తచేతులతో తిరిగి రావలసిందే.

ఒక కంప్యూటరు మరొక కంప్యూటరులోని ఫైలును తెరిచేటప్పుడు కూడా ఇవే ఏడు మెట్లు ఉన్నవి: దారి, పేరు, ద్వారం, భాష, గుర్తింపు, సంతకం, హక్కు. ఈ తతంగమంతా సెకనులో స్వల్ప భాగంలో ముగుస్తుంది కనుక మనకు ఒకే పనిగా తోస్తుంది. పని ఆగినప్పుడు మాత్రం ఏ మెట్టు దగ్గర ఆగిందని అడగాలి. "షేరింగ్ పనిచేయడం లేదు" అనడం "ఒంట్లో బాగాలేదు" అనడం వంటిది. అంతమాత్రం చేత వైద్యుడు మందు వ్రాయడు.

యంత్రాలు మాట్లాడే భాష

ఈ సంభాషణకు ఒక నియమావళి కావాలి. ఇట్టి నియమావళిని ప్రోటోకాలు అంటారు. విండోస్ యంత్రాలు ఫైళ్ళను పంచుకునేటప్పుడు వాడే ప్రోటోకాలు పేరు సర్వర్ మెసేజ్ బ్లాక్, క్లుప్తంగా ఎస్‌ఎంబీ. దీనిని 1983లో ఐబీఎం సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. తరువాత మైక్రోసాఫ్ట్ దానిని చేపట్టి పెంచింది.

విండోస్ కాని యంత్రాలు ఈ భాషను నేర్చుకున్న తీరు ఆసక్తికరమైనది. ఆస్ట్రేలియా నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, 1991 చివరి రోజులలో, తన కంప్యూటరుకూ యూనిక్స్ యంత్రానికీ మధ్య ఫైళ్ళ రాకపోకలు కుదర్చదలచాడు. భాష తెలియని దేశానికి వెళ్ళినవాడు అక్కడివారి మాటలు వింటూ అర్థం గ్రహించినట్లు, తీగ మీద పోయే సందేశాలను గమనించి, వాటి నియమాలను ఊహించి, తానొక ప్రోగ్రామును వ్రాశాడు. తరువాత పేరు మార్చవలసి వచ్చినప్పుడు, ఎస్, ఎం, బీ అనే మూడు అక్షరాలు వరుసగా వచ్చే పదం కోసం కంప్యూటరులోని పదాల పట్టికలో వెదికితే "సాంబా" అనే నృత్యం పేరు దొరికింది. లినక్స్ యంత్రాలలోను, నెట్‌వర్కుకు తగిలించి ఫైళ్ళు దాచుకునే అనేక నిల్వపెట్టెలలోను నేడు పనిచేస్తున్నది ఈ సాంబాయే.

అన్ని భాషల వలెనే ఎస్‌ఎంబీ కూడా కాలక్రమాన మారింది. 2006లో విండోస్ విస్టాతో రెండవ రూపం వచ్చింది. మొదటి రూపంలో వందకు పైగా ఉన్న ఆజ్ఞలు, ఉపాజ్ఞలు ఇందులో 19కి తగ్గినవి. 2012లో విండోస్ 8తో మూడవ రూపం వచ్చింది. సందేశాలను ఇతరులు చదవలేకుండా గుప్తంగా పంపే శక్తి దానికి అబ్బింది. 2015లో విండోస్ 10తో 3.1.1 అనే రూపం వచ్చింది. రెండు యంత్రాలు కలుసుకున్నప్పుడు, అడిగే యంత్రం తనకు తెలిసిన రూపాల జాబితాను ముందుగా పంపుతుంది. ఇచ్చే యంత్రం వాటిలో తనకు కూడా తెలిసిన అత్యున్నత రూపాన్ని ఎంచుకుంటుంది. ఉభయులకూ తెలిసినది ఒక్కటీ లేకపోతే సంభాషణ మొదటి వాక్యంతోనే ఆగిపోతుంది.

పాత తలుపు ఎందుకు మూయవలసి వచ్చింది?

ఎస్‌ఎంబీ మొదటి రూపం తయారైన కాలంలో నెట్‌వర్కు అంటే ఒకే గదిలో, ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది యంత్రాలు. దొంగ తీగ పట్టుకొని వస్తాడనే ఊహ అప్పటివారికి లేదు. ఆ నమ్మకానికి 2017లో ప్రపంచమంతా మూల్యం చెల్లించింది.

విండోస్‌లో మొదటి రూపాన్ని నడిపే భాగంలో ఒక పెద్ద లోపం బయటపడింది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ దానికి దిద్దుబాటు విడుదల చేసింది. సరిగ్గా 59 రోజుల తరువాత, మే 12న, వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఆ లోపాన్నే ఆధారం చేసుకొని వ్యాపించింది. ఒక యంత్రంలో చేరిన వెంటనే ఫైళ్ళను గుప్తలిపిలోకి మార్చి, విడుదలకు సొమ్ము అడిగింది. అంతటితో ఆగక, పక్క యంత్రాల తలుపులు తట్టుతూ, దిద్దుబాటు చేసుకోని ప్రతిదానిలోకీ ఎవరి ప్రమేయమూ లేకుండా పాకింది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడినవి. బ్రిటన్‌లో వైద్యశాలలు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుశాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకు కూడా ఆ తాకిడి తగిలింది.

గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. దిద్దుబాటు అప్‌డేటు అప్పటికి దాదాపు రెండు నెలలుగా అందుబాటులో ఉన్నది. సకాలంలో దానిని చేర్చుకున్న యంత్రాలలోకి వన్నాక్రై ఈ దారిన ప్రవేశించలేకపోయింది. అప్‌డేటు పేరు చెబితే విసుగుకునేవారు ఈ 59 రోజులను జ్ఞాపకం పెట్టుకోవాలి.

మారిన షరతులు

2017 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 కొత్త కూర్పుతో మొదటి రూపాన్ని తొలగించే పని ఆరంభమైంది. కొత్తగా స్థాపించిన యంత్రాలలో మొదటి రూపంలో ఫైళ్ళు ఇచ్చే భాగం లేదు. కొన్ని రకాలలో అడిగే భాగాన్ని ఉంచినా, 15 రోజుల పాటు వాడకపోతే అది దానంతటదే తొలగిపోయేట్లు ఏర్పాటు చేశారు. 2018లో హోంగ్రూప్ అనే సులభ పద్ధతిని కూడా విండోస్ 10 నుంచి తీసివేశారు. 2019లో సాంబా కూడా మొదటి రూపాన్ని మామూలుగా వాడుకలో లేకుండా చేసింది.

2024 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 కూర్పు, 24హెచ్2, మరి రెండు షరతులను బిగించింది. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాలలో ప్రతి సందేశానికీ సంతకం తప్పనిసరి అయినది. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రకాలకు 2017 నుంచే ఉన్న మరొక నిబంధనను ప్రో రకానికీ విస్తరించారు: పేరూ పాస్‌వర్డూ లేని "అతిథి"గా మరొక యంత్రంలో ప్రవేశించడానికి వీలు లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినందున ఎన్నో కార్యాలయాలు, పాఠశాలలు విండోస్ 11కు మారవలసి వచ్చింది. ఈ షరతులు ఒక్కసారిగా అనేకమందికి ఎదురైనవి అందుకే.

సంతకం అంటే ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. వాడుకరి పాస్‌వర్డు ఆధారంగా రెండు యంత్రాలూ విడివిడిగా ఒకే రహస్య సంఖ్యను గణించుకుంటవి. దీనిని తాళంచెవి అనుకోవచ్చు. ఈ తాళంచెవి తీగ మీద ప్రయాణం చేయదు. పంపే యంత్రం సందేశాన్నీ తాళంచెవినీ కలిపి గణితం చేసి, 16 బైట్ల పొడవు గల ఒక గుర్తును సందేశానికి జతచేస్తుంది. అందుకున్న యంత్రం అదే గణితాన్ని తానూ చేసి చూస్తుంది. దారిలో ఎవరైనా ఒక్క బిట్టు మార్చినా రెండు గుర్తులూ సరిపోవు; సందేశం తిరస్కృతమవుతుంది.

ఇప్పుడు అతిథి సంగతి ఆలోచించండి. అతనికి పాస్‌వర్డు లేదు. పాస్‌వర్డు లేనందున తాళంచెవి లేదు. తాళంచెవి లేనందున సంతకం లేదు. కాబట్టి సంతకం తప్పనిసరి అయిన చోట అతిథి ప్రవేశం సహజంగానే అసాధ్యం. ఏళ్ళ తరబడి పాస్‌వర్డు లేకుండా తెరుచుకున్న నిల్వపెట్టె ఒక్కసారిగా మొరాయించడానికి తరచు కారణం ఇదే. పెట్టె చెడిపోలేదు, సంతకం లేని కాగితాన్ని విండోస్ పుచ్చుకోవడం లేదు.

అందరికా, ఒక్కరికేనా?

వీధిలో దీపాలు ఆరిపోతే మొదట పక్కింటి వైపు చూస్తాము. అక్కడ దీపం వెలుగుతుంటే లోపం మన ఇంటిలో. అక్కడా చీకటి అయితే లోపం వీధిలో. ఇక్కడ కూడా మొదటి ప్రశ్న అదే. మూసుకున్న ఫోల్డరును మూడవ యంత్రం నుంచి తెరవడానికి ప్రయత్నించాలి. ఏ యంత్రానికీ తెరుచుకోకపోతే ఇచ్చే యంత్రాన్ని శోధించాలి. ఒక్కదానికి మాత్రమే తెరుచుకోకపోతే ఆ యంత్రంలోనో, ఆ రెండింటి మధ్య ఉన్న షరతులోనో చిక్కు ఉన్నదని గ్రహించాలి.

తరువాత తెర మీది సంఖ్యను చదవాలి. చాలామంది ఈ సంఖ్యను చూడగానే పెట్టెను మూసివేస్తారు. కాని అది రోగ లక్షణాన్ని చెప్పే గుర్తు. విండోస్‌లో 53 అంటే ఆ యంత్రానికి దారి దొరకలేదు. దారి, పేరు, ద్వారం, ఒక్కొక్కప్పుడు భాష, ఈ మెట్లను చూడాలి. 67 అంటే షేరు పేరు దొరకలేదు. ఫోల్డరు పేరు తప్పు వ్రాసి ఉండవచ్చు, లేదా దాని షేరింగ్ తొలగిపోయి ఉండవచ్చు. 1326 అంటే వాడుకరి పేరు గాని పాస్‌వర్డు గాని సరిపోలేదు. 5 అంటే అనుమతి లేదు.

కొన్నిసార్లు తెర మీద 80070035 అనే పొడవైన సంఖ్య కనిపిస్తుంది. ఇది పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో వ్రాసినది. చివరి 35ను మామూలు దశాంశమానంలోకి మార్చి చూడండి: మూడు పదహారులు 48, దానికి 5 కలిపితే 53. అదే పాత 53. అట్లాగే 80070043 కనిపిస్తే, నాలుగు పదహారులు 64, దానికి 3 కలిపితే 67. తరగతి గదిలో నేర్చుకున్న సంఖ్యామానాల పాఠం ఇక్కడ అక్కరకు వస్తున్నది.

మెట్టు తరువాత మెట్టు

దారి. తీగ దగ్గరి చిన్న దీపం వెలుగుతున్నదా? రెండు యంత్రాల చిరునామాలు చూడాలి. చిన్న నెట్‌వర్కులలో ఇవి సాధారణంగా 192.168.1.20, 192.168.1.35 వలె మొదటి మూడు భాగాలలో సమానంగా ఉంటవి. 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, ఆ యంత్రానికి రౌటరు నుంచి చిరునామా అందలేదని అర్థం. పింగ్ అనే ఆజ్ఞతో ఒక యంత్రం మరొకదానిని పిలిచి చూడవచ్చు. బదులు వస్తే దారి ఉన్నట్లే. బదులు రాకపోతే దారి లేదని తీర్మానించరాదు. కావలివాడు ఆ పిలుపును ఆపి ఉండవచ్చు.

పేరు. యంత్రం పేరుకు బదులు \\192.168.1.20 అని చిరునామానే వ్రాసి తెరవాలి. చిరునామాతో తెరుచుకొని పేరుతో తెరుచుకోకపోతే చిక్కు పేరులోనే ఉన్నది. ఇక్కడ మరొక భ్రమను తొలగించుకోవాలి. నెట్‌వర్కు అనే పేజీలో యంత్రాల జాబితా కనిపించకపోతే షేరింగ్ పోయిందని అనుకుంటారు. పూర్వం ఈ జాబితాను తయారుచేసే పద్ధతి ఎస్‌ఎంబీ మొదటి రూపం మీద ఆధారపడి ఉండేది. ఆ రూపంతో పాటు పాత జాబితా కూడా పోయింది. ఇప్పుడు ఫంక్షన్ డిస్కవరీ అనే సేవలు ఆ పని చేస్తున్నవి. అవి నడవకపోతే జాబితా ఖాళీగా ఉంటుంది. అయినా చిరునామా వ్రాస్తే ఫోల్డరు తెరుచుకోవచ్చు. టెలిఫోను డైరెక్టరీలో పేరు లేనంత మాత్రాన ఇంట్లో టెలిఫోను లేదని కాదు కదా!

ద్వారం. ఒక యంత్రానికి అనేక సేవలు ఉంటవి. ఒక్కొక్క సేవకు ఒక్కొక్క సంఖ్య గల ద్వారం. వీటినే పోర్టులు అంటారు. ఎస్‌ఎంబీ ద్వారం సంఖ్య 445. దీని ముందు ఫైర్‌వాల్ అనే కావలి ఉంటుంది. విండోస్ ప్రతి నెట్‌వర్కునూ "పబ్లిక్" అనో, "ప్రైవేట్" అనో వర్గీకరిస్తుంది. రైల్వే స్టేషనులోని వైఫై వంటి పరాయి చోట్లకు మొదటిది, నమ్మకమైన చోట్లకు రెండవది. పబ్లిక్ అయితే కావలి గట్టిగా ఉంటుంది. అప్‌డేటు తరువాత విండోస్ అదే నెట్‌వర్కును కొత్తదిగా భావించి, పబ్లిక్ వర్గంలో చేర్చడం కొన్నిసార్లు జరుగుతుంది. తగిన వర్గానికి మార్చి, ఫైల్ షేరింగ్‌కు అనుమతి ఇస్తే చాలు. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే ఆజ్ఞకు చిరునామానూ 445నూ ఇస్తే ద్వారం తెరిచి ఉన్నదో లేదో తెలుస్తుంది.

భాష. పని చేస్తున్న మరొక షేరును తెరిచి, గెట్-ఎస్‌ఎంబీకనెక్షన్ అనే ఆజ్ఞ ఇస్తే ఏ రూపంలో సంభాషణ జరుగుతున్నదో కనిపిస్తుంది. పాత నిల్వపెట్టెలకు, కాగితాన్ని స్కాన్ చేసి నేరుగా ఫోల్డరులో వేసే పాత యంత్రాలకు మొదటి రూపం మాత్రమే తెలిసి ఉండవచ్చు. చాలా పెట్టెల సెట్టింగులలో రెండవ, మూడవ రూపాలను అనుమతించే గడి ఉంటుంది. దానిని ఎవరూ తాకి ఉండరు. తయారీదారు ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేరును చేర్చి, ఆ గడిని ఎంచుకోవడమే మందు.

గుర్తింపు. ఉదయం యంత్రాన్ని తెరవడానికి వాడే నాలుగంకెల పిన్ నెట్‌వర్కు మీద చెల్లదు. అది ఆ ఒక్క యంత్రానికి కట్టుబడినది. షేరుకు అసలు పాస్‌వర్డు కావాలి. పాస్‌వర్డు ఖాళీగా ఉన్న ఖాతాతో నెట్‌వర్కు ద్వారా ప్రవేశించడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు. వెనుక ఎప్పుడో దాచిన పాత పాస్‌వర్డును యంత్రం పదేపదే పంపుతూ ఉండడం కూడా కద్దు. కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజరులో దానిని తొలగించాలి.

కంప్యూటరు గదులున్న పాఠశాలలు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. ప్రతి విండోస్ స్థాపనకూ ఎస్‌ఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. శ్రమ తగ్గించుకోవడానికి ఒక యంత్రంలో విండోస్ స్థాపించి, ఆ డిస్కు నకళ్ళను మిగిలిన యంత్రాలలోకి ఎక్కించే అలవాటు ఉన్నది. అట్లా చేసే ముందు సిస్‌ప్రెప్ అనే సాధనాన్ని నడపకపోతే అన్ని యంత్రాలకూ ఒకే సంఖ్య వస్తుంది. ఒకే హాల్‌టికెట్టు సంఖ్యతో ఇరవైమంది పరీక్షకు వచ్చినట్లు! పూర్వం దీనిని విండోస్ పట్టించుకోకపోయినా, 2025 ఆగస్టు 29 మొదలు వచ్చిన అప్‌డేట్లు 24హెచ్2, 25హెచ్2 కూర్పులలో దీనిని తనిఖీ చేస్తున్నవి. పాస్‌వర్డు సరిగా ఉన్నా ప్రవేశం నిరాకరిస్తున్నవి. ఇట్టి యంత్రాలకు సరియైన పద్ధతిలో విండోస్‌ను తిరిగి స్థాపించడమే శాశ్వతమైన మందు.

సంతకం. నిల్వపెట్టె సెట్టింగులలో సంతకాన్ని అనుమతించాలి. అతిథి ప్రవేశానికి బదులు పేరూ పాస్‌వర్డూ గల ఖాతా ఒకటి ఏర్పరచాలి. చాలా సందర్భాలలో పది నిమిషాల పని.

హక్కు. విండోస్‌లో షేరు చేసిన ఫోల్డరుకు రెండు తాళాలు ఉంటవి. ఒకటి షేరుకు సంబంధించిన అనుమతి. రెండవది డిస్కు మీద ఫోల్డరుకు ఉన్న అనుమతి. రెండింటిలో కఠినమైనదే చెల్లుతుంది. మొదటి దానిలో పూర్తి అధికారం ఇచ్చి, రెండవ దానిలో చదవడానికి మాత్రమే ఇస్తే, చదవడమే తప్ప వ్రాయడం కుదరదు.

అడ్డదారి ఖరీదు

ఇంత ఓపిక లేనివారికి ఒక అడ్డదారి ఉన్నది. విండోస్‌లో ఎస్‌ఎంబీ మొదటి రూపాన్ని తిరిగి చేర్చవచ్చు. సంతకం షరతును సడలించవచ్చు. అతిథిని రానివ్వవచ్చు. ఫైర్‌వాల్‌ను ఆపివేయవచ్చు. నాలుగూ చేస్తే ఫోల్డరు బహుశా తెరుచుకుంటుంది. వాటిలో ఏది తెరిచిందో మాత్రం ఎప్పటికీ తెలియదు. పైగా ఆ గదిలోని యంత్రాలు 2017 మే నెల నాటి స్థితికి దగ్గరగా వెళ్ళిపోతవి. ఒక విద్యార్థి పెన్‌డ్రైవుతో తెచ్చిన చిన్న చీడ అన్ని యంత్రాలకూ పాకడానికి అడ్డు తగ్గుతుంది. ఆ యంత్రాలలో ఉన్నవి విద్యార్థుల మార్కులు, హాజరు పట్టికలు, ఏళ్ళ తరబడి కూర్చిన పాఠాలు. అవి ఒక ఉదయాన గుప్తలిపిలో కనిపిస్తే, మిగులుకున్న పది నిమిషాలు ఎవరికీ గుర్తుకు రావు.

పరీక్ష కోసం ఒక షరతును కొద్దిసేపు సడలించి చూడడంలో తప్పు లేదు; కారణం తెలిసిన వెంటనే దానిని బిగించాలి. మొదటి రూపం తప్ప మరేదీ తెలియని పాత పరికరాన్ని ఇంకా కొంతకాలం వాడక తప్పకపోతే, ముఖ్యమైన ఫైళ్ళున్న యంత్రాలకు దూరంగా వేరు నెట్‌వర్కులో ఉంచాలి. రౌటరులో 445వ ద్వారాన్ని ఇంటర్నెట్టు వైపు ఏ పరిస్థితిలోనూ తెరవకూడదు. షేరు చేసిన ఫైళ్ళకు నకలు ఒకటి, నెట్‌వర్కుకు తగిలి ఉండని డిస్కులో భద్రపరచాలి.

తరగతికి ఒక ప్రయోగం

రెండు కంప్యూటర్లు ఉన్న ప్రతి పాఠశాలలోనూ ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ప్రయోగంగా చేయించవచ్చు. ముఖ్యమైనవి ఏవీ లేని ఒక ఖాళీ ఫోల్డరును షేరు చేసి, రెండవ యంత్రం నుంచి తెరిచి చూడాలి. తరువాత ఒక్కొక్క మెట్టునే కావాలని తప్పించాలి. ఒకసారి తీగ ఊడదీయాలి. ఒకసారి పేరు తప్పు వ్రాయాలి. ఒకసారి నెట్‌వర్కును పబ్లిక్ వర్గంలో చేర్చాలి. ఒకసారి పాస్‌వర్డు తప్పు ఇవ్వాలి. ఒకసారి అనుమతి తొలగించాలి. ప్రతిసారీ తెర మీద వచ్చిన వాక్యాన్నీ సంఖ్యనూ నోటుపుస్తకంలో వ్రాసి, ఆ మెట్టును సరిచేసిన తరువాతనే మరొకదానికి పోవాలి. ఒకసారి పాస్‌వర్డుతో ప్రవేశించిన యంత్రం దానిని గుర్తుంచుకుంటుంది కనుక, ప్రతి పరీక్షకూ ముందు యంత్రాన్ని తిరిగి ప్రారంభించడం మంచిది. గంటసేపటిలో ఒక చక్కని పట్టిక తయారవుతుంది. నిజంగా చిక్కు వచ్చిన రోజున ఆ పట్టికే మార్గదర్శి.

ఒకసారి ఒకే అంశాన్ని మార్చు, మిగిలినవాటిని స్థిరంగా ఉంచు, ఫలితాన్ని వ్రాసి పెట్టు: భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లోలకం ముందు నేర్పే సూత్రం ఇదే. లోలకం పొడవునూ గుండు బరువునూ ఒకేసారి మార్చినవాడు డోలనకాలం దేనివల్ల మారిందో చెప్పలేడు. నాలుగు సెట్టింగులను ఒకేసారి మార్చినవాడి గతి కూడా అంతే. అప్‌డేట్లు ఇకముందు కూడా వస్తూనే ఉంటవి. షరతులు మారుతూనే ఉంటవి. మెట్లు తెలిసి, వరుసగా ప్రశ్నలు వేయగలవారికి మూసుకున్న ఫోల్డరు జవాబు చెప్పక మానదు.